అమెరికా పౌరహక్కుల యాత్ర: ఏ దారి, ఏ టూర్, ఎవరితో?

అమెరికా దక్షిణాదిలో నల్లజాతివాళ్ల పౌరహక్కుల ఉద్యమం నడిచిన ఊళ్లను గ్రూపుగా చూసి రావాలనుకున్నప్పుడు చాలామంది మొదట పోల్చేది ఎన్ని ఊళ్లు తిప్పుతారన్నదే. అదే డబ్బుకు రెండు ఊళ్లు ఎక్కువ వస్తుంటే అటే మొగ్గుతాం. ఈ యాత్ర విషయంలో ఆ లెక్క పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఒక్కో చోట మిమ్మల్ని ఎంతసేపు ఉండనిస్తారు, అక్కడ మీకు జరిగింది చెప్పేది ఎవరు? ఈ రెండూ చూసి ఎంచుకోండి. ఊళ్ల లెక్క ఆ తర్వాత.

ఎందుకంటే ఇక్కడ చూసేవి పెద్ద కోటలూ గోపురాలూ కావు. ఒక ఇనుప వంతెన, ఒక ఇటుక చర్చి, ఒక మోటెల్ బాల్కనీ, పాత బస్టాండు, మామూలు వీధిలో చిన్న ఇల్లు. అక్కడ ఏం జరిగిందో తెలిస్తే కాలు కదలదు. తెలియకపోతే ఫోటో దిగి ఐదు నిమిషాల్లో బస్సెక్కేస్తాం.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ చరిత్ర పరాయిది కాదు. 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద సంతకం పడింది. అదే ఏడాది అక్టోబరు 3న కొత్త వలస చట్టం వచ్చింది. అంతకుముందు భారతదేశానికి ఉన్న కోటా ఏడాదికి వంద మంది! పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని తూకం వేసే ఆ పద్ధతిని, దక్షిణాది వీధుల్లో దెబ్బలు తిన్నవాళ్లు తెచ్చిన ఊపులోనే అమెరికా వదులుకుంది. హెచ్1 మీదో గ్రీన్ కార్డు మీదో ఇక్కడున్న మన కుటుంబాలన్నీ ఆ తలుపులోంచి వచ్చినవే. ఇంకో సంగతి. 1964 మే నెలలో రామ్ మనోహర్ లోహియా మిసిసిపీలోని జాక్సన్‌లో ఒక కెఫెటీరియాకు వెళితే, రంగు కారణంగా లోపలికి రానివ్వలేదు. మర్నాడు మళ్లీ వెళ్లారు, పోలీసులు పట్టుకుపోయారు. అప్పటికి ఆయన మన పార్లమెంటు సభ్యుడు. హోటళ్లలో ఇలా ఆపడాన్ని నిషేధించిన చట్టం ఆ తర్వాత ఐదారు వారాలకే, జులై 2న వచ్చింది.

ముందు దారి తేల్చుకోవాలి

గ్రూపు టూర్లలో ఎక్కువగా కనిపించేవి మూడు దారులు: అట్లాంటా ఒక్కటే, అట్లాంటాతో కలిపి అలబామా, మెంఫిస్ నుంచి లిటిల్ రాక్, మిసిసిపీ వైపు. వీటన్నిటినీ ఒక్క వారంలో కుట్టేసే పెద్ద ప్యాకేజీలూ ఉంటాయి.

అట్లాంటా ఒక్కరోజు పని. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు, ఆయన ప్రసంగించిన ఎబెనీజర్ బాప్టిస్ట్ చర్చి, నీళ్ల మధ్య ఉన్న ఆయన, భార్య కొరెట్టా గార్ల సమాధి అన్నీ ఆబర్న్ అవెన్యూ మీద నడక దూరంలోనే ఉన్నాయి. నేషనల్ పార్క్ సర్వీసు చూసే భాగానికి టికెట్ లేదు. పుట్టిన ఇంటి లోపలికి పంపడం 2023 నవంబరులో మరమ్మతుల కోసం ఆపేశారు, వెళ్లేముందు తెరిచారో లేదో చూసుకోండి. ఆవరణలో గాంధీ విగ్రహం ఉంది. కింగ్ 1959లో నెలరోజులు భారతదేశం తిరిగి వచ్చారు. కేరళలో ఒక దళిత పిల్లల బడిలో తనను 'అమెరికా నుంచి వచ్చిన మరో అంటరాని సోదరుడు' అని పరిచయం చేశారనీ, మొదట నొచ్చుకున్నా తర్వాత అది నిజమేననిపించిందనీ 1965లో ఇదే ఎబెనీజర్ చర్చిలో చెప్పారు. మన పెద్దవాళ్లతో వెళితే ఆ మాట అక్కడే చెప్పండి.

అట్లాంటాలో ఉండేవాళ్లకు నా సలహా, దీన్ని పెద్ద యాత్రలో కలపొద్దు. ఇంకో ఆదివారం విడిగా చూడండి. అలబామాకు పెట్టుకున్న సమయంలోంచి దీనికి కోత పెట్టకండి.

అలబామా దారి

ఒకే ఒక్క యాత్ర చేయగలిగితే ఇదే చేయమంటాను. బర్మింగ్‌హామ్, సెల్మా, మాంట్‌గోమరీ. అట్లాంటా నుంచి బయల్దేరి చుట్టి వస్తే మొత్తం 450 మైళ్ల లోపే. ఏ రెండు ఊళ్ల మధ్యా మూడు గంటల ప్రయాణం లేదు. పైగా బస్సు బహిష్కరణ, ఫ్రీడమ్ రైడ్స్ (బస్సుల్లో రంగు విభజనను ధిక్కరిస్తూ నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి చేసిన ప్రయాణాలు), పిల్లల ఊరేగింపు, ఓటు హక్కు కోసం నడక, అన్నీ ఈ మూడు ఊళ్ల చుట్టూ జరిగినవే. చరిత్ర తెలియనివాళ్లకు కూడా వరుస అర్థమవుతుంది.

చాలా టూర్లు మాంట్‌గోమరీ ముందు, సెల్మా తర్వాత పెడతాయి. మీ చేతిలో ఉంటే తిప్పేయండి. బర్మింగ్‌హామ్, సెల్మా, ఆ తర్వాత హైవే 80 మీదుగా మాంట్‌గోమరీ. 1965 మార్చిలో ఓటు హక్కు కోసం ఉద్యమకారులు నడిచింది ఆ వైపే, 54 మైళ్లు.

బర్మింగ్‌హామ్‌లో చూడాల్సినవన్నీ ఒక్క కూడలి చుట్టూ ఉన్నాయి. 16వ వీధి బాప్టిస్ట్ చర్చిలో 1963 సెప్టెంబరు 15న, ఆదివారం పొద్దున బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు. ఎదురుగా కెల్లీ ఇంగ్రమ్ పార్కు. ఆ ఏడాది మే నెలలో బడులు వదిలి ఊరేగింపుగా వచ్చిన పిల్లల మీదికి పోలీసులు కుక్కల్ని వదిలింది, ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టింది ఈ చుట్టుపక్కలే. పార్కులో నడిచే బాటకు రెండు వైపులా గోడల్లోంచి మీదికి దూకుతున్న కుక్కల శిల్పాలు పెట్టారు. వాటి మధ్యనుంచి నడిచి వెళ్లాలి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా రాని సంగతి అక్కడ రెండు నిమిషాల్లో వస్తుంది. రోడ్డు దాటితే సివిల్ రైట్స్ ఇన్‌స్టిట్యూట్ అనే మ్యూజియం. ఆది, సోమవారాల్లో ఇక్కడ చాలా తలుపులు మూసి ఉంటాయి, కాబట్టి బర్మింగ్‌హామ్ ఏ రోజు పడుతోందో చూసుకోండి. అట్లాంటా నుంచి వచ్చే దారిలోనే ఆనిస్టన్ ఉంది. 1961 మే 14న ఫ్రీడమ్ రైడర్ల బస్సును ఆ ఊరు దాటాక తగలబెట్టారు. గంట ఆగగలిగితే ఆగండి.

సెల్మాలో అసలు చూడాల్సింది ఎడ్మండ్ పెట్టస్ వంతెన. దీని దగ్గరే టూర్లు ఎక్కువగా మోసం చేస్తాయి. మా స్నేహితుల కుటుంబాలు ఎక్కిన ఒక బస్సులో ఇక్కడ ఇచ్చింది ఇరవై నిమిషాలు, అందులోనే బాత్రూమ్ బ్రేకు! వంతెనను ఇవతలి నుంచి చూస్తే ఏమీ లేదు. నడవాలి. మధ్యలో అది ఎత్తుగా వంపు తిరిగి ఉంటుంది. ఆ ఎత్తుకు చేరేదాకా అవతలి ఒడ్డు కనిపించదు. 1965 మార్చి 7న బయల్దేరిన ఆరువందల మందికి కూడా లాఠీలు పట్టుకుని వరసగా నిలబడ్డ పోలీసులు అక్కడికి చేరాకే కనిపించారు. కనిపించాక కూడా వాళ్లు వెనక్కి తిరగలేదు. ముందు వరసలో ఉన్న జాన్ లూయిస్‌కు ఆ రోజు తలకు దెబ్బ తగిలింది, తర్వాత ఆయన ముప్పై ఏళ్లకు పైగా అమెరికా కాంగ్రెస్‌లో ఉన్నారు. పెద్దవాళ్లు కూడా మెల్లగా నడవగలిగే దూరమే అది. ఆ నడకకు చోటు లేని టూర్‌ను పక్కన పెట్టేయండి.

సెల్మా పేద ఊరు. 2023 జనవరిలో టోర్నడో దెబ్బ కూడా తిన్నది. బస్సులు వస్తాయి, ఫోటోలు దిగుతారు, డబ్బు మాత్రం పక్క ఊళ్లో హోటల్‌కు పోతుంది. వీలైతే గైడ్‌ను అక్కడివారినే పెట్టుకోండి, భోజనమో కాఫీయో అక్కడే తీసుకోండి. ఊళ్లో యాభై ఏళ్లు దాటిన ఎవరిని కదిపినా తమ ఇంట్లో ఎవరో ఒకరు ఆ నడకలో ఉన్నారని చెబుతారు. అది ఏ మ్యూజియంలోనూ దొరకదు.

సెల్మా నుంచి మాంట్‌గోమరీకి వెళ్లే హైవే 80 మీద సగం దారిలో లౌండెస్ ఇంటర్‌ప్రెటివ్ సెంటర్ ఉంది. ఓటరుగా పేరు రాయించుకున్నందుకు భూస్వాములు కౌలుదార్లను ఇళ్లలోంచి వెళ్లగొడితే, వాళ్లు గుడారాల్లో ఉన్న చోటు అది. 'ఓటేస్తే భూమి ఖాళీ చెయ్' అన్న మాట మన పల్లెల్లో విన్న తరం ఇంకా ఉంది కాబట్టి, మా గుంపులోని పెద్దవాళ్లను అక్కడినుంచి లేపడం కష్టమైంది.

ఇక మాంట్‌గోమరీ. దీనికి ఒక పూర్తి రోజు ఇవ్వని టూర్ తీసుకోవద్దు. రెండు రోజులైతే ఇంకా మంచిది.

బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలనందుకు రోసా పార్క్స్‌ను 1955 డిసెంబరు 1న అరెస్టు చేసిన చోట మ్యూజియం ఉంది. ఆ తర్వాత 381 రోజులపాటు ఊళ్లో నల్లజాతివాళ్లు బస్సెక్కలేదు. ఇరవై ఆరేళ్ల పాస్టర్‌గా కింగ్ ఆ ఉద్యమానికి నాయకుడైన డెక్స్‌టర్ అవెన్యూ చర్చి అక్కడికి దగ్గరే. చర్చి ముందు నిలబడితే రాష్ట్ర క్యాపిటల్ భవనం కనిపిస్తుంది. బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణ రాష్ట్రాల అధ్యక్షుడిగా జెఫర్సన్ డేవిస్ 1861లో ప్రమాణం చేసింది ఆ భవనం ముందే. సెల్మా నుంచి నడిచి వచ్చినవాళ్లు 1965 మార్చి 25న చేరింది కూడా ఆ మెట్ల దగ్గరికే. పాత గ్రేహౌండ్ బస్టాండు ఇప్పుడు ఫ్రీడమ్ రైడ్స్ మ్యూజియం. ఇవన్నీ ఒక పూట నడకలో అయిపోతాయి.

మిగతా పూటంతా ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ వాళ్ల చోట్లకు ఉంచుకోండి. లాయర్ బ్రయాన్ స్టీవెన్సన్ స్థాపించిన ఈ సంస్థ 2018లో లెగసీ మ్యూజియం, శాంతి న్యాయ స్మారకం తెరిచింది. 2024లో నది ఒడ్డున శిల్పాల పార్కు కలిపింది. ఐదు డాలర్ల టికెట్ మీద మూడూ చూడొచ్చు. మ్యూజియంలో గాజు సీసాల వరసలు ఉంటాయి. మూకలు నల్లజాతివాళ్లను చంపిన చోట్లనుంచి చనిపోయినవాళ్ల వంశీకులూ, ఊరివాళ్లూ తవ్వి తెచ్చిన మట్టి. ఒక్కో సీసా మీద ఒక పేరు, ఒక ఊరు, ఒక తేదీ. ఎర్రమట్టి, నల్లమట్టి, ఇసుక. అక్కడ ఫోటోలు తీయనివ్వరు, అది మంచి నియమం.

స్మారకం ఊళ్లో ఒక మిట్ట మీద ఉంది. ఎనిమిది వందలకు పైగా తుప్పు రంగు ఉక్కు స్తంభాలు, ఒక్కో కౌంటీకి ఒకటి, వాటి మీద పేర్లు. మొదట మన ఎత్తులో ఉండి మనుషుల్లా ఎదురవుతాయి. నడుస్తుంటే నేల దిగుతూ పోతుంది, స్తంభాలు తల మీద వేలాడతాయి. నాలుగువేల నాలుగువందలకు పైగా మనుషులు. కొందరిని ఎందుకు చంపారో కూడా పక్కన రాశారు. ఒకరిని తెల్లామెకు ఉత్తరం రాశాడని. కారంచేడు, చుండూరు చదువుకున్న, విన్న మనవాళ్లు అక్కడ మాట్లాడరు. కారంచేడులో 1985లో గొడవ మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైంది. మాంట్‌గోమరీ మ్యూజియంలో 'తెల్లవాళ్లకు', 'రంగువాళ్లకు' అని విడివిడిగా రాసిన పాత బోర్డులు చూస్తే, రెండు గ్లాసుల హోటళ్లు గుర్తున్న నాన్నగారికి ఎవరూ వివరించక్కర్లేదు.

మ్యూజియం, స్మారకం రెండింటికీ కలిపి కనీసం నాలుగు గంటలు. తొంభై నిమిషాలిచ్చి 'లెగసీ సైట్స్ విజిట్' అని రాసే టూర్లు ఉన్నాయి. అవి గుమ్మం చూపించి తీసుకొచ్చేస్తాయి. సోమ, మంగళవారాల్లో మూసి ఉంచడం వీళ్ల అలవాటు, కాబట్టి తేదీలు వేసుకునేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది ఇదే.

మెంఫిస్, లిటిల్ రాక్, మిసిసిపీ

డల్లాస్ వైపు ఉండేవాళ్లకు అలబామా దూరం. లిటిల్ రాక్ ఐదు గంటల డ్రైవ్, అక్కడినుంచి మెంఫిస్ రెండు గంటల పైచిలుకు. రెండు మ్యూజియాలు బాగా చూడటానికి మూడు రోజులు చాలు.

మెంఫిస్‌లో 1968 ఏప్రిల్ 4న కింగ్‌ను కాల్చిన లొరేన్ మోటెల్‌నే నేషనల్ సివిల్ రైట్స్ మ్యూజియం చేశారు. బానిసత్వం దగ్గర మొదలైన నడక చివరికి 306వ గది ముందు ఆగుతుంది. ఉద్యమం మొత్తాన్ని ఒక్క కప్పు కింద చూడాలంటే దీన్ని మించింది లేదు. ఒకే రోజు ఉన్నవాళ్లకు, ఎక్కువ తిరగలేని పెద్దవాళ్లకు అలబామా కంటే ఇదే మేలు. ఆయన ఆ ఊరికి వచ్చింది చెత్త ఎత్తే కార్మికుల సమ్మె కోసం. ఇద్దరు కార్మికులు లారీ యంత్రంలో నలిగి చనిపోతే 1,300 మంది పని ఆపేశారు. ఈ భాగాన్ని గైడ్లు తొందరగా దాటిస్తారు, మీరు మాత్రం నిలబడి చదవండి. మన ఊళ్లలో మ్యాన్‌హోళ్లలోకి ఎవరు దిగుతున్నారో తెలిసినవాళ్లం కదా.

లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్ ఇప్పటికీ నడుస్తున్న బడి. 1957లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లల్ని లోపలికి పంపడానికి అధ్యక్షుడు ఐజన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ సైనికుల్ని దించాల్సి వచ్చింది. లోపలికి వెళ్లాలంటే ముందుగా రిజర్వేషన్ కావాలి. హైస్కూల్ వయసు పిల్లలుంటే ఇది తప్పనిసరి.

మిసిసిపీ దారి వేరే తరహాది. జాక్సన్‌లో 2017లో తెరిచిన సివిల్ రైట్స్ మ్యూజియం చాలా బాగుంటుంది. 1963 జూన్ 12న ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను కాల్చి చంపింది ఆయన ఇంటి ముందే. భద్రత కోసం ఆ ఇంటికి వీధి వైపు తలుపే పెట్టుకోలేదు వాళ్లు. మిసిసిపీ డెల్టాలో పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్‌ను 1955లో చంపినవాళ్లను వదిలేసిన సమ్నర్ కోర్టు హాలు ఉంది. ఊళ్లు దూరదూరం, మధ్యలో పత్తి చేలు, తిండి దొరకదు, ముందుగా అడగకపోతే తలుపులు తెరుచుకోవు. స్థానికుడైన గైడ్ లేకుండా ఈ దారి పెట్టుకోవద్దు. అలబామా చూసినవాళ్లు రెండో యాత్రగా చేయాల్సింది ఇది.

తెల్లవాళ్లకే పెట్టే భోజన కౌంటర్ దగ్గర నల్లజాతి విద్యార్థులు కూర్చుని నిరసన తెలిపిన గ్రీన్స్‌బరో వూల్‌వర్త్ దుకాణం ఇప్పుడు మ్యూజియం. అది షార్లెట్, రాలీ వాళ్లకు ఒక్కరోజు ప్రయాణం, పిల్లలతో చక్కగా సరిపోతుంది. వాషింగ్టన్ ఎలాగూ వెళ్తాం కాబట్టి దాన్ని ఇందులో కలపక్కర్లేదు.

ఏ పద్ధతిలో వెళ్లాలి

పెద్ద కంపెనీ బస్సు టూర్‌లో సుఖం ఉంది. హోటళ్లు, టికెట్లు, డ్రైవింగ్ ఏ టెన్షనూ ఉండదు. నలభై యాభై మంది ఉంటారు. లోటు కూడా అందులోనే ఉంది. అంతమంది దిగి ఎక్కేసరికి ప్రతి చోటా అరగంట పోతుంది. అడగాలనుకున్న ప్రశ్న నోట్లోనే ఉండిపోతుంది. దంపతులిద్దరే వెళ్తున్నా, కారు నడపడం ఇష్టం లేకపోయినా ఇది సరే. మీ పది పన్నెండు మందిలో అమ్మానాన్నలూ పిల్లలూ ఉంటే మాత్రం నేను వద్దంటాను.

చర్చిలు, యూనివర్సిటీలు నడిపే యాత్రలు రెండో రకం. వీళ్లు వెళ్లేముందే చదవడానికి ఇస్తారు, రాత్రి కూర్చుని మాట్లాడుకుంటారు, అప్పట్లో ఊరేగింపుల్లో నడిచిన పెద్దవాళ్లను కలిపిస్తారు. ఆ మనుషులకు ఇప్పుడు డెబ్భైలు, ఎనభైలు దాటాయి. వాళ్ల నోటి వెంట వినే అవకాశం ఇంకా ఎన్నేళ్లో ఉండదు. ఏ టూర్‌లోనైనా ఇది ఉంటే, మిగతావి కాస్త తగ్గినా దానికే నా ఓటు. కాలేజీ పిల్లలున్న ఇంటికి, చదివే అలవాటున్న పెద్దలకు ఇది బాగా నప్పుతుంది. తెల్లవారి నుంచి రాత్రి దాకా ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు కుదరదు.

మూడో పద్ధతి మనమే గ్రూపు కట్టడం. రెండు మూడు కుటుంబాలు కలిసి వ్యాన్ తీసుకుని, ఒక్కో ఊళ్లో రెండు మూడు గంటలకు అక్కడి గైడ్‌ను మాట్లాడుకోవడం. తెలుగు కుటుంబాలకు నేను ముందు చెప్పేది ఇదే, కారణం భాష. దక్షిణాది యాసలో గంటసేపు సాగే గైడ్ మాటలు ఇండియా నుంచి వచ్చిన అమ్మకు, అత్తగారికి సగం అందవు. మ్యూజియం గోడల నిండా ఇంగ్లిష్ రాతలే. సొంత వ్యాన్‌లో అయితే ఊరికీ ఊరికీ మధ్య గంటన్నర దొరుకుతుంది. ఏం చూడబోతున్నామో, ఏం చూశామో ఒకరు తెలుగులో చెప్పొచ్చు. మా గుంపులో ఆ పని ఇంటర్ పిల్లలకు అప్పగించాం. ఒక్కొక్కరు ఒక్కో ఊరి గురించి చదువుకుని వచ్చి తాతయ్యలకు చెప్పారు. చెప్పడం కోసం చదివారు కాబట్టి వాళ్లకూ గుర్తుండిపోయింది.

డ్రైవర్‌తో కలిపి 15 సీట్ల వరకు ఉన్న వ్యాన్ మామూలు లైసెన్సుతో నడపొచ్చు. 16, ఆపైన ఉంటే సీడీఎల్ (కమర్షియల్ లైసెన్సు) ఉన్న డ్రైవర్ కావాలి. పన్నెండు మందికి మించితే బండితోపాటు డ్రైవర్‌ను కూడా మాట్లాడుకోవడమే నయం. ఇంకో మాట, అలబామాలో గడియారం అట్లాంటా కంటే గంట వెనక. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు పోతుంది.

ఎవరి కార్లలో వాళ్లు వరసగా వెళ్లడం చవక. కానీ ఒక కారు పార్కింగ్ వెతికేలోపు ఇంకో కారు లంచ్‌కు పోతుంది, గైడ్ ఎదురుచూస్తుంటారు. రెండు కార్లకు మించితే వద్దు.

కంపెనీని అడగాల్సినవి

బుక్ చేసేముందు బ్రోషర్ పక్కన పెట్టి ఫోన్‌లో అడగండి. లెగసీ మ్యూజియంలో, స్మారకంలో విడివిడిగా ఎన్ని గంటలు? సెల్మా వంతెన నడిపిస్తారా, బస్సులోంచి చూపిస్తారా? చర్చిల లోపలికి తీసుకెళ్తారా, బయటినుంచేనా? డెక్స్‌టర్, 16వ వీధి చర్చిల లోపలి టూర్లకు ముందే చెప్పి ఉంచాలి, ఆ పని చేయని కంపెనీ మిమ్మల్ని గోడ దగ్గర నిలబెడుతుంది. ప్రతి ఊళ్లో స్థానిక గైడ్ ఉన్నారా, లేక మొత్తం దారికి ఒక్కరేనా? అప్పట్లో పాల్గొన్నవారితో మాట్లాడిస్తారా? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెబితే ధర గురించి మాట్లాడొచ్చు. ధర చెప్పేటప్పుడు మ్యూజియం టికెట్లు, టిప్పులు కలిపారో లేదో రాతలో తీసుకోండి.

ఎప్పుడు, ఎవరితో

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేది ఎక్కువగా వేసవిలో. జూన్, జులై, ఆగస్టుల్లో అలబామా ఎండ, ఉక్క మన కోస్తా జిల్లాలకు తగ్గదు. స్మారకం, వంతెన, పార్కులు అన్నీ ఆరుబయటే. వేసవి తప్పకపోతే బయటివి పొద్దున్నే, మ్యూజియాలు మధ్యాహ్నం పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు, లేదా మార్చి మధ్య నుంచి ఏప్రిల్ చివరి దాకా అన్నిటికంటే హాయి. మార్చి మొదటి వారాంతంలో సెల్మాలో బ్లడీ సండే (1965 మార్చి 7 నాటి ఆ లాఠీ దాడి) జ్ఞాపకార్థం వేలమంది కలిసి వంతెన మీద నడుస్తారు. ఆ జనంలో కలిసి నడవడం గొప్ప అనుభవమే, కాని గదులు దొరకవు, పెద్దవాళ్లకు కష్టం.

పదేళ్ల లోపు పిల్లల్ని లెగసీ మ్యూజియంకు తీసుకెళ్లొద్దంటాను. అక్కడి ఫోటోలు, రాతలు వాళ్లు మోయలేరు. ఆ సమయంలో ఒకరు వాళ్లను రోసా పార్క్స్ మ్యూజియంలో పిల్లల విభాగానికి తీసుకెళ్తే సరిపోతుంది. పన్నెండు దాటినవాళ్లు పెద్దవాళ్లతో కలిసి అన్నీ చూడొచ్చు. రాత్రి హోటల్‌లో వాళ్లతో కూర్చోండి, ప్రశ్నలు వస్తాయి. మన దేశం గురించి కూడా వస్తాయి, దాటేయకండి.

శాకాహారులకు బర్మింగ్‌హామ్, మాంట్‌గోమరీలో ఇబ్బంది లేదు, ఇండియన్ హోటళ్లు దొరుకుతాయి. సెల్మా రోజుకు పులిహోర, చపాతీలు కట్టుకోండి. దక్షిణాది హోటళ్లలో ఆకుకూరలు, బీన్స్ చాలాచోట్ల పంది మాంసం వేసి వండుతారు, 'వెజిటబుల్స్' అని ఉందని తీసుకోకుండా అడిగి తీసుకోండి.

స్మారకంలో గ్రూపు ఫోటోలు, సెల్ఫీలు మానండి. అక్కడికి వచ్చినవాళ్లలో తమ ముత్తాత పేరు వెతుక్కునేవాళ్లు ఉంటారు.

నేనైతే ఇలా

అట్లాంటా నుంచి రెండు మూడు కుటుంబాలైతే శుక్రవారం సెలవు పెట్టి పొద్దున్నే బయల్దేరండి. గంట కలిసొస్తుంది కాబట్టి పదికల్లా బర్మింగ్‌హామ్, ఆ రోజంతా అక్కడే. శనివారం పొద్దున సెల్మా, మధ్యాహ్నం హైవే 80, సాయంత్రం మాంట్‌గోమరీలో డెక్స్‌టర్ అవెన్యూ మీద నడక. ఆదివారం తెరవగానే స్మారకం, తర్వాత మ్యూజియం, నాలుగింటికి బయల్దేరితే రాత్రి ఎనిమిదిలోపు ఇల్లు. ఇంకో రోజు ఉంటే సోమవారం వద్దు, గురువారం కలపండి. ఆదివారం డెక్స్‌టర్ చర్చి ప్రార్థనకు కూడా వెళ్లాలనుకుంటే ఆ గురువారం తప్పనిసరి. చర్చికి మర్యాదైన బట్టలు, పావుగంట ముందు చేరడం, అంతే. వచ్చినవాళ్లను ఆదరంగా చూస్తారు.

బుకింగ్ వరస కూడా ఇదే: ముందు లెగసీ సైట్స్ తెరిచే రోజులు, తర్వాత చర్చి టూర్లు, ఆపైన సెల్మా గైడ్. ఈ మూడూ ఖాయమయ్యాకే వ్యాన్, హోటల్.